గార కట్టే మెంబ్రేన్, నొక్కేసిన వేస్టు పైపు: ఆర్‌ఓ నీళ్ల మీద మీ ప్రశ్నలు

బోర్లు అడుగంటే కాలం వచ్చిందంటే చాలు, ఈ శీర్షికకు వాటర్ ఫిల్టర్ల మీద ఉత్తరాలు వరస కడతాయి. ఈసారి ఒకే తంటా చుట్టూ తిరిగే ప్రశ్నలు ఏరి తీసుకున్నాం. మెంబ్రేన్ (ఆర్‌ఓ మెషిన్‌లో ఉప్పును ఆపే పల్చటి పొరల చుట్ట) మీద తెల్లగా గార కట్టడం, మెకానిక్కులు స్కేలింగ్ అనేది. ఇంట్లో గోడకు తగిలించిన మెషిన్ ఉన్నవాళ్లూ అడిగారు, ఊళ్లో ప్లాంటు నడిపేవాళ్లూ అడిగారు. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఓపిగ్గా చదవండి.

మాకు బోరు నీళ్లే దిక్కు. టీడీఎస్ 1400 దాకా చూపిస్తోంది. ఆర్‌ఓ మెషిన్‌లో మెంబ్రేన్ ఆరేడు నెలలకే పోతోంది. సర్వీసు అబ్బాయి వచ్చినప్పుడల్లా "నీళ్లు బాగాలేవు మేడమ్" అని కొత్తది వేసి డబ్బులు తీసుకుని వెళ్తున్నాడు. లోపం మెషిన్‌దా, నీళ్లదా? (ఒక గృహిణి, ఒంగోలు)

మీ నీళ్లకూ మెషిన్ సెట్టింగుకూ పొత్తు కుదరక వచ్చిన తంటా అనిపిస్తోందండీ. ముందు లోపల ఏం జరుగుతోందో చెప్తాను, అది తెలిస్తే సర్వీసు అబ్బాయిని ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

మెంబ్రేన్ ఉప్పును మాయం చేయదు. లోపలికి వచ్చిన నీళ్లలో కొంత భాగాన్ని ఉప్పు లేకుండా అవతలికి పంపి, ఆ ఉప్పునంతా మిగిలిన నీళ్లలో వదిలేస్తుంది. కాబట్టి వేస్టు పైపులోంచి పోయే నీళ్లు బోరు నీళ్లకంటే ఎప్పుడూ చిక్కగానే ఉంటాయి. మీ దగ్గర్లోని చినగంజాం ఉప్పు మడుల్లో నీళ్లు ఆవిరయ్యే కొద్దీ మిగిలింది చిక్కబడి గడ్డకడుతుంది కదా, మెంబ్రేన్ చుట్టల మధ్య జరిగేదీ అదే, కాకపోతే ఇక్కడ ఎండకు బదులు పంపు ప్రెషర్ నీళ్లను లాగేస్తుంది. బోరు నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్ కరిగి ఉంటాయి. చిక్కబడే కొద్దీ అవి కాల్షియం కార్బొనేట్‌గా మారి మెంబ్రేన్‌కు అతుక్కుంటాయి. పైగా నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ గ్యాసు కాబట్టి మెంబ్రేన్‌ను దాటి మంచినీళ్ల వైపు వెళ్లిపోతుంది, బైకార్బొనేట్ మాత్రం వేస్టు వైపే ఉండిపోతుంది, దాంతో అక్కడ పీహెచ్ పెరిగి గార ఇంకా త్వరగా కడుతుంది. మీ గీజరు కాయిల్ మీద పెచ్చులు కట్టేదీ ఈ పదార్థమే.

ఈసారి తీసేసిన పాత మెంబ్రేన్‌ను చెత్తలో వేయొద్దు. బ్లేడుతో పొడుగునా కోసి చుట్ట విప్పి చూడండి. మెంబ్రేన్ పొరల మధ్య ఒక ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. నీళ్లు వచ్చే వైపు ఆ జాలీ మీద గోధుమ రంగు జిగురు ఉంటే అది పాచి, మట్టి. నీళ్లు బయటికి పోయే చివర జాలీ గళ్లలో తెల్లటి రవ్వలు కనిపించి, వేలితో రుద్దితే గరగరలాడితే అది గార. ఆ రవ్వ కొంచెం చెంచాలోకి తీసుకుని నిమ్మరసం పిండండి. బుస్సుమని నురగ వస్తే కాల్షియం కార్బొనేట్ ఉన్నట్టు లెక్క. ఏ చలనమూ లేకపోతే సల్ఫేటో సిలికానో అయ్యుండొచ్చు, అది మరింత మొండిది. ఐదు నిమిషాల పని, కానీ "నీళ్లు బాగాలేవు" అన్న మాటకంటే ఎక్కువ సంగతి చెప్తుంది.

రెండోది, మీరు టీడీఎస్ చెప్పారు గానీ హార్డ్‌నెస్ చెప్పలేదు. రెండూ ఒకటి కాదు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు, హార్డ్‌నెస్ అంటే వాటిలో కాల్షియం, మెగ్నీషియం వాటా. 1400 టీడీఎస్‌లో ఎక్కువ భాగం మామూలు ఉప్పే అయితే నీళ్లు ఉప్పగా ఉంటాయి గానీ గార పెద్దగా కట్టదు. 900 టీడీఎస్ ఉన్న నీళ్లలో హార్డ్‌నెస్ 600 ఉంటే మాత్రం మెంబ్రేన్‌ను మింగేస్తుంది. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు ఈ తేడా చెప్పలేదు. చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టే హార్డ్‌నెస్ టెస్ట్ కిట్ దొరుకుతుంది, లేదా సీసాలో పట్టుకెళ్లి నీటి పరీక్షల ల్యాబులో ఇవ్వండి. తాగునీటికి మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా సర్దుకోవచ్చు. పరీక్ష ఎండాకాలంలో చేయించండి. వానాకాలంలో చేయిస్తే చాలా బోర్లలో అంకె తక్కువ వస్తుంది, దాన్ని నమ్మి మెషిన్ సెట్ చేస్తే ఏప్రిల్‌లో మళ్లీ మొదటికొస్తుంది.

మూడోది రెండు పైపుల లెక్క. మంచినీళ్ల పైపు కింద ఒక నిమిషం, వేస్టు పైపు కింద ఒక నిమిషం కొలత గ్లాసు పెట్టి పట్టండి. ఇళ్లలో ఎక్కువగా ఉండే 75 జీపీడీ (రోజుకు 75 గ్యాలన్ల) మెంబ్రేన్ బాగా పనిచేస్తే నిమిషానికి దాదాపు 200 మిల్లీలీటర్ల మంచినీళ్లిస్తుంది. వేస్టు పైపులో ఎఫ్‌ఆర్ అని చిన్న ముక్క ఉంటుంది, ఎన్ని నీళ్లు బయటికి పోవాలో అదే నిర్ణయిస్తుంది. దాని మీద 450 అని ఉంటే నిమిషానికి సుమారు 450 మిల్లీలీటర్లు వదులుతుంది. మీలాంటి నీళ్లకు అంతకు తగ్గకూడదు. 300ది వేసి ఉంటే మార్పించండి, చవకలో అయిపోయే పని. ఎఫ్‌ఆర్ లోపలే గార పేరుకుని దారి సన్నబడటం కూడా మామూలే. కొత్త మెంబ్రేన్ వేసి పాత ఎఫ్‌ఆర్‌ను అలాగే వదిలేస్తే ఆ కొత్తది కూడా అదే దారి పడుతుంది. ఇది సర్వీసువాళ్లు తరచుగా వదిలేసే సంగతి, దగ్గరుండి అడగండి.

ఇవి చూసుకున్నాకే యాంటీస్కేలెంట్ గురించి ఆలోచించాలి. మెంబ్రేన్‌కు ముందు పెట్టే ఆ కార్ట్‌రిడ్జ్‌లో ఫాస్ఫేట్ గుళికలు ఉంటాయి. అవి కొద్దికొద్దిగా కరుగుతూ కాల్షియం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. కరిగితేనే పనిచేసినట్టు, కాబట్టి కొన్ని నెలల్లో అయిపోవాలి. ఏడాది దాటినా గుళికలు నిండుగా కనిపిస్తున్నాయంటే అవి ముద్దకట్టి ఊరికే కూర్చున్నట్టే. హార్డ్‌నెస్ 500, 600 దాటితే మాత్రం గుళికలతో నెట్టుకురావడం కష్టమండీ. వంటింటి లైనుకు మాత్రమే హార్డ్‌నెస్ తీసే చిన్న సాఫ్ట్‌నర్ పెట్టించడం మేలు, ఏటా రెండు మెంబ్రేన్లకు పోసే డబ్బు అందులోకి మళ్లించొచ్చు.

మా మెషిన్ ఒక లీటరు మంచినీళ్లకు మూడు లీటర్లు పారబోస్తోంది. చూస్తూ ఊరుకోలేక వేస్టు పైపును క్లిప్పుతో కొంచెం నొక్కాను. ఇప్పుడు నీళ్లు త్వరగా నిండుతున్నాయి, వృథా కూడా తగ్గింది. ఇందులో తప్పేమైనా ఉందా? (ఒక రిటైర్డ్ ఉద్యోగి, గుంటూరు)

మీ ఉద్దేశం మంచిదే సర్, కానీ ఆ క్లిప్పు ఈ రోజే తీసేయండి.

లెక్క చెప్తాను. మీ నీళ్ల హార్డ్‌నెస్ 400 అనుకుందాం. పావు వంతు మాత్రమే మంచినీళ్లుగా తీసుకుంటే వేస్టు వైపు నీళ్ల హార్డ్‌నెస్ సుమారు 530 అవుతుంది. సగం తీసుకుంటే 800. ముప్పావు వంతు తీసుకుంటే 1600. 80 శాతం లాగేస్తే 2000. చూశారా, చివరి కొన్ని శాతాల దగ్గర అంకె ఎలా ఎగబాకుతుందో. సగం దాకా కాస్త ఓర్చుకున్న మెంబ్రేన్ ఆ తర్వాత ఒక్కసారిగా గార కట్టడం మొదలుపెడుతుంది. నొక్కిన కొత్తలో ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి నీళ్లు ఎక్కువే వస్తాయి, అందుకే బాగుందనిపిస్తుంది. కొన్ని వారాలు గడిచేసరికి ధార సన్నబడుతుంది, ఆ తర్వాత మంచినీళ్ల టీడీఎస్ పెరుగుతుంది, చివరికి మెంబ్రేన్ పోతుంది.

వేస్టు పైపు అన్న పేరే చిక్కు తెచ్చింది గానీ, మెంబ్రేన్ మీద పేరుకోబోయే ఉప్పును ఎప్పటికప్పుడు కడిగి తీసుకెళ్లేది ఆ నీళ్లే. దాన్ని నొక్కొద్దు, దాని చివర బకెట్ పెట్టండి. ఇల్లు తుడవడానికి, బాత్రూమ్‌లో పోయడానికి, అంట్లు తొలిసారి కడగడానికి హాయిగా వాడుకోవచ్చు. మొక్కలకు మాత్రం ఆ నీళ్ల టీడీఎస్ చూశాకే పోయండి. బోరు నీళ్లే 1000 దాటే చోట రోజూ పోస్తే కుండీలో మట్టి తెల్లగా చౌడుబారిపోతుంది.

మా ఊళ్లో గంటకు 1000 లీటర్ల ప్లాంటు నడుపుతున్నాను, 20 లీటర్ల క్యాన్లు పోస్తాం. నాలుగు మెంబ్రేన్లు ఉన్నాయి. యాంటీస్కేలెంట్ డోసింగ్ పంపు ఉంది, కానీ ఎంత కలపాలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. గార పడితే యాసిడ్ పోసి కడగొచ్చని ఒకాయన బాత్రూమ్ యాసిడ్ తెమ్మన్నాడు. ఏం చేయమంటారు? (ప్లాంటు నిర్వాహకుడు, నల్లగొండ జిల్లా)

ముందు బాత్రూమ్ యాసిడ్ మాట మర్చిపోండి అన్నా. అందులో యాసిడ్ ఎంత శాతం ఉందో, ఇంకేం కలిసిందో మీకు తెలియదు, మెంబ్రేన్ ఒకసారి దెబ్బతింటే తిరిగి రాదు. పైగా ప్లాంటులో బ్లీచింగ్ కూడా ఉంటుంది. ఆ రెండూ పొరపాటున కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది, మూసిన గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

డోసింగ్ సంగతి. చాలామంది బోల్తా పడేది ఒక్క చోటే: మందు లెక్క కట్టాల్సింది లోపలికి వెళ్లే మొత్తం నీళ్లకు, బయటికొచ్చే మంచినీళ్లకు కాదు. మీరు గంటకు 1000 లీటర్ల మంచినీళ్లు తీస్తూ అంతే వేస్టు వదులుతున్నారనుకుంటే లోపలికి గంటకు 2000 లీటర్లు వెళ్తున్నాయి. యాంటీస్కేలెంట్ సాధారణంగా లీటరుకు 2 నుంచి 5 మిల్లీగ్రాములు వేస్తారు. మీ నీళ్ల రిపోర్టు చూపిస్తే మందు కంపెనీయే కచ్చితమైన అంకె ఇస్తుంది, అడిగి తీసుకోండి. 3 అనుకుంటే గంటకు 6 గ్రాములు. మీ డోసింగ్ పంపు గంటకు అర లీటరు తోస్తుంటే, లీటరు ద్రావణంలో 12 గ్రాములు ఉండాలి. 25 లీటర్ల డబ్బాకు 300 గ్రాములు. అది 50 గంటలు, అంటే రోజుకు 8 గంటల చొప్పున ఆరు రోజులు వస్తుంది. పంపు మీద రాసిన అంకెను నమ్మకుండా కొలత జాడీలోంచి పది నిమిషాలు తోయించి అసలు ఎంత తోస్తుందో చూసుకోండి.

కలపడానికి బోరు నీళ్లు వాడొద్దు, ఆర్‌ఓ నీళ్లే వాడండి. ఒకేసారి నెలకు సరిపడా పలచగా కలిపి పెట్టుకోవద్దు, డబ్బాలో నాచు, జిగురు పడతాయి, అవి పోయి మెంబ్రేన్ మీదే కూర్చుంటాయి. ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిదనే లెక్క కూడా కాదు, మోతాదు మించితే మందే మెంబ్రేన్‌ను పట్టేయగలదు. మీరు బోరు నీళ్ల ట్యాంకులో పటిక వేస్తుంటే అది మానండి, మిగిలిపోయిన అల్యూమినియం యాంటీస్కేలెంట్‌తో కలిసి జిగట పొర కడుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. యాంటీస్కేలెంట్ గారను ఆపదు, వాయిదా వేస్తుంది. నీళ్లు మెంబ్రేన్ దాటి బయటపడేలోపు గడ్డకట్టకుండా చూడటం వరకే దాని పని. కాబట్టి రాత్రి ప్లాంటు ఆపి వెళ్లిపోతే ఆ చిక్కటి నీళ్లు లోపలే నిలబడి తెల్లారేసరికి గట్టిపడతాయి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. రోజూ ఆపే ముందు వేస్టు వాల్వు పూర్తిగా తెరిచి ఐదారు నిమిషాలు, వీలైతే ఆర్‌ఓ నీళ్లతోనే, లోపల మొత్తం కడిగేయండి. ఇంత చిన్న అలవాటు మెంబ్రేన్ ఆయుష్షును ఎంత పెంచుతుందో నడిపిన వాళ్లకే తెలుస్తుంది, మందు కొనేవాళ్లు ఎందరో ఉన్నారు గానీ ఈ ఫ్లష్ చేసేవాళ్లు తక్కువ.

గార మొదలైందని ముందే పసిగట్టాలంటే ఒక నోటుబుక్కు పెట్టండి. రోజూ ఒకే సమయానికి మంచినీళ్ల ప్రవాహం, వేస్టు ప్రవాహం, మెంబ్రేన్లకు ముందూ తర్వాతా గేజులు చూపించే ప్రెషర్, లోపలికి వెళ్లే నీళ్ల టీడీఎస్, బయటికొచ్చేదాని టీడీఎస్, నీళ్ల వేడి రాయండి. కొత్తలో ఉన్నదానికంటే మంచినీళ్లు 10 నుంచి 15 శాతం తగ్గినా, ముందూ వెనకా ప్రెషర్ తేడా 15 శాతం పెరిగినా కడగాల్సిన సమయం వచ్చేసినట్టే. సగానికి పడిపోయేదాకా ఆగితే కడిగినా లాభం ఉండదు. నాలుగు మెంబ్రేన్లు వరసలో ఉంటే ఒక్కొక్కదాని మంచినీళ్ల టీడీఎస్ విడిగా కొలవండి. చివరిదాంట్లోనే ఎక్కువుంటే గార, మొదటిదాంట్లోనే తేడా ఉంటే పాచి లేదా మట్టి అని అనుమానించొచ్చు. విప్పి తూకం వేయడం కూడా పాత పద్ధతే. నీళ్లు కారిపోయాక కూడా కొత్తదానికంటే బాగా బరువు తూగితే లోపల రాయి పెరిగినట్టే.

కడగడం ఇలా. 100 లీటర్ల ఆర్‌ఓ నీళ్లలో 2 కిలోల సిట్రిక్ యాసిడ్, అదే నిమ్మ ఉప్పు, కలపండి. నీళ్లు గోరువెచ్చగా, 30 నుంచి 35 డిగ్రీల వేడిలో ఉంటే బాగా పనిచేస్తుంది. తక్కువ ప్రెషర్‌తో, మంచినీళ్ల పైపు వాల్వు మూయకుండా, అరగంట ముప్పావుగంట తిప్పండి. కాసేపు నాననిచ్చి మళ్లీ తిప్పండి. పీహెచ్ కాగితంతో చూస్తూ ఉండండి. పీహెచ్ పైకి పాకుతోందంటే గార కరుగుతోందని అర్థం, అప్పుడు ఇంకొంచెం నిమ్మ ఉప్పు కలపాలి. పీహెచ్ కదలకుండా నిలబడ్డాక ఆర్‌ఓ నీళ్లతో శుభ్రంగా కడిగి, ప్లాంటు నడిపాక మొదటి గంట నీళ్లు క్యాన్లలో పట్టకుండా వదిలేయండి. పాచికి మాత్రం యాసిడ్ పనికిరాదు, దానికి క్షారం కావాలి, పీహెచ్ హద్దులు మీ మెంబ్రేన్ కంపెనీ ఇచ్చిన కాగితంలో ఉంటాయి. ఇక కాల్షియం సల్ఫేట్ గట్టిపడిందా, నిమ్మ ఉప్పుకు అది లొంగదు. మీ వైపు గ్రానైట్ రాతి నేలల్లో సిలికా కూడా ఉంటుంది, అదీ అంతే. ఆ రెండింటినీ రాకుండా చూసుకోవాలే గానీ వచ్చాక వదిలించుకోవడం గగనం. అందుకే ఒకసారి పూర్తి నీటి పరీక్ష చేయించమని బతిమాలుతున్నాను. హార్డ్‌నెస్, ఆల్కలినిటీ, సల్ఫేట్, సిలికా, ఇనుము, ఫ్లోరైడ్ తప్పనిసరిగా రాయించండి.

చలికాలంలో నీళ్లు బాగా తగ్గిపోతాయి, గార కట్టిందని మెంబ్రేన్ మార్చేశాం. కొత్తదాంట్లోనూ అంతే వచ్చాయి. ఎందుకిలా? (ఆదిలాబాద్ నుంచి ఒక టీచర్)

చలికి. నీళ్లు చల్లబడితే చిక్కబడి మెంబ్రేన్‌లోంచి నెమ్మదిగా దూరతాయి. డిగ్రీకి సుమారు 3 శాతం తగ్గుతాయనుకోండి. వేసవిలో 30 డిగ్రీలున్న నీళ్లు మీ దగ్గర డిసెంబరులో 18కి వస్తే మూడో వంతు దాకా తగ్గడం మామూలే. మంచినీళ్ల టీడీఎస్ పెరగకుండా, ధార మాత్రమే తగ్గితే ఫిబ్రవరి దాకా ఓపిక పట్టండి.

మా అపార్ట్‌మెంట్‌లో అందరం డబ్బులేసుకుని సంపు దగ్గర పెద్ద సాఫ్ట్‌నర్ పెట్టించాం. పెట్టాక టీడీఎస్ చూస్తే ఒక్క పాయింటు కూడా తగ్గలేదు. మోసపోయామా? (హైదరాబాద్, మియాపూర్)

లేదండీ, టెన్షన్ పడకండి. సాఫ్ట్‌నర్ టీడీఎస్ తగ్గించే మెషిన్ కాదు. లోపలి రెజిన్ గుళికలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతాయి. లవణాల మొత్తం దాదాపు అంతే ఉంటుంది. గార కట్టేది పోయి, కట్టనిది వస్తుంది. మీరు చూడాల్సింది హార్డ్‌నెస్ కిట్‌తో. సాఫ్ట్‌నర్ ముందు 400 ఉండి, తర్వాత దాదాపు సున్నాకు వస్తే అది బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టు.

దీనివల్ల మీ ఇళ్లలో ఆర్‌ఓ మెంబ్రేన్లకు మంచి మేలే జరుగుతుంది. కాకపోతే రెండు జాగ్రత్తలు. రెజిన్ నిండిపోతే ఉప్పు నీళ్లతో మళ్లీ తయారు చేయాలి. వాచ్‌మన్ ఒక వారం మర్చిపోయాడంటే అన్ని ఫ్లాట్లకూ మళ్లీ గట్టి నీళ్లే వెళ్తాయి, ఎవరికీ తెలియదు. కాబట్టి వారానికొకసారి కిట్‌తో పరీక్ష చేసి రాసే బాధ్యత ఒకరికి అప్పగించండి. రెండోది, 400 హార్డ్‌నెస్ పూర్తిగా మారిస్తే లీటరుకు సుమారు 184 మిల్లీగ్రాముల సోడియం కొత్తగా చేరుతుంది. ఆర్‌ఓ దాటితే అందులో ఎక్కువ భాగం పోతుంది. ఆర్‌ఓ లేకుండా ఆ నీళ్లే తాగే ఇంట్లో బీపీ, కిడ్నీ మనుషులుంటే డాక్టరును అడగాలి.

పైపుకు అయస్కాంతం బిగిస్తే గార కట్టదని కూడా మీ సొసైటీలో ఎవరో అన్నారట. దాని మీద డబ్బు పెట్టేంత గట్టి రుజువు నాకు కనిపించలేదు.

ఇంట్లోనే మెంబ్రేన్ తీసి వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో నానబెడితే బాగవుతుందా? (రాజమహేంద్రవరం)

తొందరగా పట్టించుకుంటే కొంత ఉపయోగం ఉంటుంది, కానీ ఊరికే నానబెడితే యాసిడ్ చుట్టల లోపలికి సరిగా వెళ్లదు. వెళ్లినా కరిగిన గారను తోసేసే ప్రవాహం ఉండదు. తప్పదనుకుంటే ఆర్‌ఓ నీళ్లలో 2 శాతం నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు ఉంచి, బిగించాక ఒక ట్యాంకు నిండా నీళ్లు పారబోయండి. నిమ్మరసం వద్దు, అందులోని పిప్పి, చక్కెర పాచికి మేత. మెంబ్రేన్ ఎండిపోనివ్వొద్దు, ఒకసారి తడిసింది ఆరితే పాడైనట్టే. ధార సగానికి పడిపోయాక ఈ వైద్యం చేయడం దండగ.

మాది ఫ్లోరైడ్ ప్రాంతం. ఆర్‌ఓ నీళ్లలో టీడీఎస్ 40 వస్తే మరీ తక్కువ, ఆరోగ్యానికి మంచిది కాదని మెకానిక్ ఏదో స్క్రూ తిప్పి 200 చేశాడు. రుచి బాగుంది. ఇది మంచిదేనా? (కనిగిరి)

మంచిది కాదు తమ్ముడూ, ఈ జవాబు మీ ఊళ్లో అందరికీ చెప్పు.

ఆ స్క్రూ పేరు టీడీఎస్ కంట్రోలర్. అది ఖనిజాలు తయారు చేయదు, మెంబ్రేన్ దాటని బోరు నీళ్లను కొంచెం తెచ్చి మంచినీళ్లలో కలుపుతుంది. మామూలు చోట అది రుచి కోసం చేసుకున్నా ఫర్వాలేదు. కానీ మీ దగ్గర ఆ కలిపే నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1.5. మీ బోరులో 4 ఉందనుకో, ఐదో వంతు బోరు నీళ్లు కలిపినా ఆ కలపడం వల్లే 0.8 వచ్చి చేరింది, మెంబ్రేన్ దాటి వచ్చేది దానికి అదనం. పిల్లల పళ్ల మీద మచ్చలు, పెద్దవాళ్ల నడుము వంగిపోవడం మీరు కళ్లారా చూస్తున్నవే. స్క్రూ పూర్తిగా మూసేయించు.

గారకూ దీనికీ సంబంధం ఉంది. గార పట్టిన మెంబ్రేన్ మీద ఉప్పు చిక్కగా నిలబడిపోతుంది కాబట్టి, ఫ్లోరైడ్ కూడా మునుపటికంటే ఎక్కువ దాటిపోతుంది. నీళ్లు వస్తూనే ఉంటాయి, తియ్యగానే ఉంటాయి, టీడీఎస్ మీటరులో 40 కాస్తా 110 అవుతుంది, అయినా 500 లోపే కదా అని ఎవరూ పట్టించుకోరు. కొత్త మెంబ్రేన్ వేసిన రోజు అంకె రాసిపెట్టుకుని, దానికి రెట్టింపు అయిన రోజున ఫ్లోరైడ్ పరీక్ష చేయించాలి. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపించలేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు, ఆ జిల్లా మర్రిగూడ వైపు జనం అంత అనుభవించారు. అంత జరిగిన నేల మీద ఒక స్క్రూ తిప్పి ఆ విషాన్ని మళ్లీ గ్లాసులోకి తెచ్చుకోకూడదు.

మాకు మున్సిపాలిటీ కృష్ణా నీళ్లు వస్తాయి. ఒక సేల్స్ అబ్బాయి నీళ్లలో రెండు కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తే నీళ్లు ఎర్రగా బురదలా మారాయి. భయమేసి ఆర్‌ఓ కొనాలనుకుంటున్నాం. (విజయవాడ)

ఆ బురద మీ నీళ్లలోది కాదు, ఆ కడ్డీల్లోది. ఇనుప కడ్డీకి కరెంటు ఇస్తే ఇనుము కరిగి తుప్పు రంగు వస్తుంది. లవణాలున్న ఏ మంచి నీళ్లలోనైనా అంతే. ఆర్‌ఓ నీళ్లలో కరెంటు సరిగా పారదు కాబట్టి రంగు రాదు. అంతకుమించి అందులో ఏమీ లేదు.

శుద్ధి చేసిన నది నీళ్ల టీడీఎస్ 500 కంటే తక్కువుంటే ఆర్‌ఓ అక్కర్లేదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 500 లోపు టీడీఎస్ ఉన్న చోట ఆర్‌ఓ వాడకాన్ని ఆపేలా నిబంధనలు తేవాలని కేంద్రానికి చెప్పింది. మీ భయం పైపుల్లో కలిసే మురుగు, సూక్ష్మజీవుల గురించే అయితే యూవీ ఫిల్టరు చాలు, కాచి చల్లార్చుకున్నా చాలు. వేస్టు నీళ్ల బాధా, గార బాధా రెండూ ఉండవు.

మా ప్లాంటు వేస్టు నీళ్లను ఎండిపోయిన పాత బోరులోకి వదలమని కొందరంటున్నారు, భూగర్భ జలం పెరుగుతుందట. వదలొచ్చా? (నంద్యాల జిల్లా)

వద్దు. అందులో మీ ఊరి నీళ్లలోని ఉప్పు, హార్డ్‌నెస్, ఉంటే ఫ్లోరైడ్, రెట్టింపు చిక్కదనంతో ఉంటాయి. బోరులోకి వదిలితే వానతో కలిసి పలచబడే అవకాశం కూడా లేకుండా నేరుగా పక్కింటి బోరుకు చేరతాయి. నాలుగేళ్లకు మీ ప్లాంటు బోరులోనే ఆ ఉప్పు తేలుతుంది, అప్పుడు ఏ యాంటీస్కేలెంటూ ఆదుకోదు. పక్కన ఒక ట్యాంకు కట్టి బండ్లు కడగడానికి, క్యాన్లను బయటి వైపు మొదటిసారి కడగడానికి, ఇళ్లు కట్టేవాళ్లు దుమ్ము అణచడానికి చల్లుకునేందుకు ఇవ్వండి. కాంక్రీటు కలపడానికి మాత్రం ఇవ్వొద్దు, క్లోరైడ్ ఎక్కువుంటే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. పొలానికి వదలాలంటే ముందు టీడీఎస్ రిపోర్టు పట్టుకుని వ్యవసాయ అధికారిని కలవండి.